అడుగు

స్కూల్లో టీచరు చెప్పిందంట,
ఏడాది మొత్తానికీ ఒక్క మాట ఎంచుకొని
అట్టముక్క మీద రాసి గోడకు అంటించుకోమని.
దానా వంటింట్లోకొచ్చి గట్టెక్కి కూచుంది,
స్కెచ్ పెన్ను మూత కొరుకుతా.
"నాది బలం. నీదేంది, బెంచలా?"
నేను పెంచలమ్మను.
ఆ ఇంట్లో 'ప' ఎవరి నోటా తిరగదు.

నాకొక మాటా? నవ్వొచ్చింది.
దినార్లు మార్చే అంగడోడు ఊరకనే ఇచ్చిన క్యాలెండరు,
పోయినేటిది, ఇంకా మేకుకే ఉండాది.
దాని ఎనకమాల రాసుకున్నా:
బ్యాంకులో కమ్మలు విడిపించాల.
మరిది బోరుకు మోటారు.
చిన్నోడి ఫీజు, రెండో కంతు.
మేనకోడలి కానుపు.
అన్నీ అయినాయి. అన్నిటి మీదా గీత కొట్టేసినా.
ఒక్కదాంట్లో కూడా నేను లేను.
అది కూడా ఆ పొద్దే చూసినా,
ఎసట్లో ఎండునిమ్మకాయలు ఏస్తా ఏస్తా.

మాట కోసం ఎతుకుతా ఉండంగానే
మచ్బూసు మాడింది.
దానా ముక్కు మూసుకుంది.
అయ్యో, అడుగంటె, అనుకున్నా పైకే.
అట్లా దొరికింది.

తపేలా తిప్పి చూపించినా: ఇది అడుగు.
చెయ్యి చాపి చూపించినా: ఏమన్నా కావాలంటే అడుగు.
గచ్చు మీద కాలు ముందరికేసి, ఇదీ అడుగే, అన్నా.
"మోసం! మూడు మాటలు.
టీచరు ఒక్కటే అనింది."
మా ఊళ్లో ఒక్కటేలే తల్లీ.
అట్ట మీద నేను రాస్తే
గుండ్రంగా గాజుల మాదిరుండాయి అనింది.

జనవరిలో మామాను అడిగినా, నెలకొక శుక్రవారం.
బాచర్, అనింది. రేపు.
మళ్లా అడిగినా. బాచర్.
ఆ రేపులన్నీ కూడితే ఒక నెలయింది.
అడిగేటప్పుడు నోరెండిపోలా.
అదీ కొత్తే నాకు.

పెరట్లో చెట్టు పేరు అడిగినా.
ఐదేండ్లుగా దాని ఆకు ఊడుస్తా
ఒక్కనాడూ అడిగిన పాపాన పోలా.
సిద్రా, అన్నాడు తోటపని చేసే బంగ్లా పిల్లోడు,
కాయను కునార్ అంటారని ఒకటి చేతిలో పెట్టినాడు.
కొరికితే, ఓయమ్మా, రేగ్గాయ!
పెద్దగుండాది కదా, పరాయి కాయ అనుకొని
ఐదేండ్లూ మా చిట్వేలి రుచిని
నేనే చీపురుతో చెత్తలోకి తోసినా.

ఫోన్లో ఆయన్ను అడిగినా,
విడిపించిన కమ్మలు ఇప్పుడు యాడుండాయని.
అటుపక్క టీవీ మోత.
"అక్కడ చలెట్లుంది?" అన్నాడు.
చానా ఉండాది, అన్నా.
మళ్లా అడుగుతా.

ఇంక మిగిలింది నన్ను.
రాత్రి మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన
ఆరేసిన బట్టలు తీస్తా:
ఏమే పెంచలా, నీకేం కావాల?
పలుకు లేదు.
ఎవురూ అడగని ఇంట్లో జవాబు ఎట్లా పెరుగుతాది,
దానికి కూడా ఇంత కూడేయాల కదా.
మూడు రాత్రులు అదే అడిగినా.
నాలుగోనాడు తూర్పు నుంచి గాలి
పెదాల మీద ఉప్పు పెట్టి పోయింది.

నాలుగు వీధులవతలే సముద్రం.
నేను చూసింది ఒక్కసారి, విమానం కిటికీలోంచి.

మార్చిలో ఒక శుక్రవారం
మామా రెండు గంటలు ఇచ్చింది.
సాల్మియా కాడ చెప్పులు చేత పట్టుకొని దిగినా.
అబాయా అంచు తడిసి బరువెక్కింది.
చల్లగా, చలి చలిగా,
నాయేనా అనిపించే వేళ్లు
ఇసక మీద తెల్లగా కనపడతా ఉండాయి.
నీళ్లు ఒక్క అడుగు లోతు.
దానాకు చెప్పాల, నాలుగోదీ ఉండాదని.

ఇంకా గంటా పది నిమిషాలుండాది.