అరిగిన ముల్లు

నరసన్నపేటలో నాకు క్వార్టరు ఇచ్చినప్పుడు
దాంతోపాటు గోడవతల దాలమ్మ సరుగుడు పుల్లల పొయ్యి కూడా ఇచ్చారని
ఎవరూ చెప్పలేదు.

మూడో సాయంత్రం వాము వాసన
కిటికీ చువ్వల్లోంచి దూరి
నా ఇంజక్షన్ల పెట్టె మీద కూర్చుంది.
గోడకి గడ్డం ఆనించి అడిగాను:
"మురుకులా?"

"మురికేటమ్మా! రెండుసార్లు తోమీసినాను మూకుడు."
నిజంగానే కోపమొచ్చింది ఆమెకి.
"జంతికలివి."

మా కదిరిలో మురుకులు.
పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మడకశిర,
అక్కడ మా అవ్వ నోట్లో అవే చెక్కిలాలు.
మా చీరాల కాంపౌండరుకి చక్రాలు.
"బండికా?" అంది దాలమ్మ, జల్లిగరిట ఆపకుండానే.

ఓరుగల్లు మేస్త్రీ పనికెళ్ళొచ్చిన ఆమె మరిది అసిరినాయుడు చెప్పాడు:
అక్కడ గొట్టమే ఉండదట,
గుడ్డ పరిచి, పిండిని వేళ్ళతోనే
చుట్టు మీద చుట్టుగా అల్లుతారట, సకినాలట.
"గొట్టం కొనుక్కోనేకా, పాపం?"
ఆ రాత్రి తనే పాత చీర పరిచి కూర్చుంది.
మూడో చుట్టులో తెగింది. మళ్ళీ తెగింది.
"ఆ ఆడోళ్ల ఏళ్లు ఏళ్లు కావమ్మా," అని
పిండంతా పోగుచేసి గొట్టంలో కూరేసింది.

బుడితి ఇత్తడి గొట్టం, అత్త కొన్నది.
బిళ్ళలో నక్షత్రానికి ఒక ముల్లు అరిగిపోయింది.
అందుకే ఆమె జంతికకి ఒక పక్క నున్నన,
చీకట్లో తడిమినా తెలుస్తుంది.
కొత్త బిళ్ళ తెస్తానన్నాను.
"ముల్లు తగ్గితే గుంటల అంగిట్లో గుచ్చుకోదు. ఒగ్గీ."

బదిలీ కాగితం వానాకాలంలో వచ్చింది.
పిండి చెమ్మగిలి నూనె తాగేస్తోందని
ఆ వారమంతా తిడుతూనే వేయించింది.
కాంప్లెక్సు దాకా డబ్బా తనే మోసి
కిటికీలోంచి అందిస్తూ
"మీ ఊరోళ్లకి మురుకులనే సెప్పు, లేపోతే తినరు" అంది.
అప్పటికే నేను
"జంతికలు విరిగిపోతాయేమో" అంటున్నాను.
ఇద్దరం ఆగాం.

కండక్టరు డబ్బా ఊపి చూశాడు:
"ఏటమ్మా, కారప్పూసా? లగేజీ టికెట్టవుద్ది."

రణస్థలం దాటాక దీపాలు ఆర్పేశారు.
మూత తీశాను.
వెనక సీట్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.
నా బొటనవేలు
నున్నటి పక్క కోసం వెతుకుతోంది.