కొలకర్ర

రాత్రి ఎనిమిదిన్నర దాటితేగానీ
మా పని మొదలుకాదు.
పగలంతా ఊపిరితిత్తుల్లో నక్కి
దోమ లేచే వేళకి చర్మం కిందికి వస్తాయి పురుగుపిల్లలు.
"మనకంటే వాటికే డ్యూటీ టైము బాగా తెలుసు"
అంటాడు ల్యాబు ఇస్సాకు, సూది పొట్లం చింపుతూ.

రాణిగారితోటలో ఆఖరి సందు.
అవతల కృష్ణ, ఇవతల బందరు కాలువ,
మధ్యలో మేమూ మా టార్చిలైటూ.
వేలికి ఒక పోటు. గాజుపలక మీద మూడు చుక్కలు.
"నెత్తురు పట్టుకెళ్ళి అమ్ముకుంటారంటగా?"
అడిగింది సైదమ్మ, వేలు ఇస్తూనే.
మూడు చుక్కలకి ఎంతొస్తుందో
ఇద్దరం లెక్కేసి నవ్వుకున్నాం.
చీర అంచు కింద ఆమె కుడికాలు
నవ్వకుండా కూర్చునుంది, రోలంత.

ట్రైనింగులో ఒక మధ్యాహ్నం
తెర మీద ఫొటో వేశారు.
ఎక్కడో ఆఫ్రికాలో
కర్ర ఈ కొస పిల్లాడి చేతిలో,
ఆ కొస పట్టుకుని వెనకాలే ఒక పెద్దాయన.
ఇది మన బోదకాలు పురుగుకి చుట్టమే, అన్నారు మేడమ్.
అక్కడ మోసేది దోమ కాదు, నల్ల ఈగ.
మురుగులో కాదు, ఉరకలేసే ఏట్లో పుడుతుంది.
దాని పురుగు కాళ్ళ జోలికి రాదు,
కళ్ళ దాకా పాకుతుంది.
మంచి నేలంతా ఏటి పక్కనే.
పంట కావాలంటే చూపు కౌలు కట్టాలి.
ఊళ్ళకి ఊళ్ళే నీళ్ళని వదిలేసి వెళ్ళిపోయాయట.

ఏటి ఒడ్డున పుట్టినదాన్ని.
నీళ్ళు ఇల్లు ముంచుతాయని తెలుసు.
చూపు పట్టుకుపోతాయని తెలీదు.

అక్కడ పంచిన మందే
ఇప్పుడు నా సంచీలోనూ ఉంది.
ఎవరో పిడికెడు మట్టి తవ్వితే
ఆ మట్టిలో కంటికానని ప్రాణి ఒకటి
కళ్ళని కాపాడే మందు దాచుకుని ఉందట.
ఎత్తుని బట్టి మోతాదు.
అందుకే ఈ కర్ర, దాని మీద నాలుగు రంగులు.

"అన్నం తిన్నారా?"
వీధిలో అది మర్యాద, నాకది రూలు.
పరగడుపున మాత్ర ఇవ్వకూడదు.

పిల్లలు మడమలెత్తి నిలబడతారు
పక్కింటివాడి రంగు దాటాలని.
మొదటి గీత అందని బుడ్డోడు
తనకి మాత్ర లేదని రాగం తీశాడు.
నెల తప్పిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పని కోడలు
నా చెవిలో చెప్పింది.
గడి ఖాళీగా వదిలేసి, అత్తగారు వినేలా
"నీకు రేపేస్తాలే" అన్నాను.

సైదమ్మని గోడకి ఆనించాను.
కాలువల్లో పూడిక తీసి తీసి వంగిన నడుం.
మూడో రంగు దగ్గరే ఆగిపోయింది తల.
"పెళ్ళినాడు మా ఆయనకంటే బెత్తెడు పొడుగు నేను.
నాలుగెయ్యి."
గోడని రెండు చేతులా నెట్టి
ఉన్న ఎముకలన్నీ పైకి లాగింది.
రంగు మారలేదు.

"ఇది మింగితే కాలు తగ్గుద్దా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.
తగ్గదు పెద్దమ్మా.
ఇది నీ కాలికి కాదు,
ఈ సందులో దోమ రేపు వాలబోయే కాలికి.
నీ కాలికి సబ్బూ నీళ్ళూ.
వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డ.
రాత్రుళ్ళు కాళ్ళవైపు మంచంకోళ్ళ కింద రెండేసి ఇటుకలు.

చాలాసేపు కాలువ వైపు చూసింది.
తర్వాత అరచేయి చాపింది.
మాత్రలు మూడే వేశాను.
రిజిస్టరులో ఎత్తు గడిలో మాత్రం
పెళ్ళినాటిది రాశాను. తప్పే.

గ్లాసు తిరిగిస్తూ అడిగింది,
ఎప్పుడో నేను చెప్పి మరిచిన సంగతి:
"ఆ కర్ర పట్టుకు నడిచిన పిల్లాడు,
వాడికైనా వేశారా మాత్ర?"

ఫొటో కింద ఏమీ రాసి లేదు.
కర్ర ఉంది, వాడి భుజానంత ఎత్తులో.
దాని మీద రంగులు లేవు.