పన్ను

జనవరి రెండు. వాడ్సోలో సూర్యుడు లేడు,
ఇంకో మూడు వారాలకు గాని రాడు.
జిల్లా కార్యాలయం మెట్ల మీద మంచు తోసింది నేనే,
తాళం తీసింది రాగ్నీ.

బీరువా అడుగున, కాఫీ డబ్బాలో
పాత రబ్బరు ముద్ర.
నాలుగేళ్ల కిందట కాల్చేయమన్నారు.
పక్క జిల్లాతో కలిపేశాం, ఇక ఈ పేరు చెల్లదన్నారు.
జనం వద్దన్నారు. ఓటేసి మరీ వద్దన్నారు,
నూటికి ఎనభై ఏడుగురు.
ఓస్లో తలూపింది,
చలికి ఊపినట్టు.

రాగ్నీ కాల్చలేదు.
కాల్చడమనే మాట ఇక్కడ నోటికి తేలిగ్గా రాదు.
వాళ్లమ్మకు ఆరేళ్లప్పుడు
ఓడి వెనక్కి పోతున్న సైన్యం
ఊరంతా తగలబెట్టింది, చేపలెండేసే దడులతో సహా.

పేర్లంటారా, వస్తాయి పోతాయి.
మొదట కోట పేరు పెట్టి పిలిచారు.
తర్వాత డేనిష్ రాజుల మాట, 'ఆమ్ట్' అన్నారు.
ఆ తర్వాత 'ఫిల్కె', మన పాత మాటేలే అన్నారు.
వీటన్నిటికీ ముందు
ముగ్గురు రాజుల మనుషులొచ్చేవాళ్లట
ఒకే సామీ గుడారం ముందుకు:
ఒకడు పడవలో, ఒకడు స్కీల మీద,
ఒకడు తూర్పు నుంచి, రెయిన్‌డీర్ బండిలో.
ఒక్క నక్కతోలుకు మూడు పన్నులు.
"గీత గీసినవాడెవడో మాకు తెలీదు" అంటాడు యోవ్నా,
"పన్నుకొచ్చినవాడి మొహం మాత్రం
మా తాతల తాతకి కూడా గుర్తే."

ఫోను మోగింది.
బెర్లెవోగ్ నుంచి హల్దిస్, ఎనభై నాలుగేళ్లు.
"పన్ను నొప్పమ్మా. రాత్రంతా నిద్ర లేదు.
మళ్లీ విడిపోయామటగా?
ఇప్పుడు నా పన్ను ఏ జిల్లాది?"

"పాత జిల్లాదే."

అవతల కాసేపు గాలి హోరు.
"మరి పళ్ల డాక్టరో?"

"గురువారం. కొండదారి తెరిస్తే."
అంటూ నా వైపు చూసింది.
ఆ దారి జిల్లాదే. మంచు తోసే బండీ జిల్లాదే.
నడిపేది నేను.

ఇప్పుడు ఉత్తరాలకు ముద్ర అక్కర్లేదట,
అంతా కంప్యూటర్‌లోనే.
ఆ సంగతి పొద్దున్నే చెప్పారు.
రాగ్నీ డబ్బా మూత తీసి
క్యాలెండర్‌లో గురువారం గడి మీద ఒత్తింది.
సిరా ఎప్పుడో ఎండిపోయింది.
నోటి ఆవిరి ఊది మళ్లీ ఒత్తితే
కోట సగమే పడింది.

పక్కనే పెన్సిల్‌తో రాసుకుంది:
హల్దిస్. కింది దవడ. ఎడమ.