ఇరవై నాలుగు కిలోల బిగువు

పైసాండూలో జులై అంటే చలికాలం.
నది మీది పొగమంచు క్లబ్బు తలుపు సందుల్లోంచి దూరి
తీగలు బిగించే నా మిషను మీద తడిగా కూచుంటుంది.
రేడియోలో ఎవరో చదువుతున్నాడు:
నెలీదా ఎచెవెర్రి ఇక ఆడదు.
కుడి మణికట్టు. మూడో ఆపరేషను. ముప్పై ఒకటో ఏడు.

చదవడం అయిందో లేదో, లెక్కలు మొదలు.
కప్పులెన్ని, ఎన్ని వారాలు అగ్రస్థానం,
పచ్చిక మీది కప్పు మోచేతి బెల్లమేగా అని ఒకాయన,
ఆ రోజుల్లో పోటీయే లేదు అని ఇంకొకాయన.
చేపల బజారులో బేరగాళ్లు
మొప్పలెత్తి మొప్పలెత్తి చూస్తున్నారు.

నా దగ్గర వేరే లెక్కుంది.
నూనె మరకల నోటుపుస్తకం.
పదిహేడేళ్లుగా ఆమె రాకెట్లకి నేనెంత బిగించానో
కిలోల్లో, పెన్సిలుతో.

పద్నాలుగేళ్ల పిల్ల: ఇరవై ఆరు.
మోకాళ్లకి ఇటుక పొడి, బుగ్గలో నారింజ తొన,
"ఇంకా బిగించు, దోన్ ఎవారిస్తో!"
తీగ తెగితే నవ్వేది.
తెగిన తీగల డబ్బు వాళ్ల నాన్న
వారానికింత అని తెచ్చిచ్చేవాడు,
సున్నం బట్టీ నుంచి తెల్లటి కనుబొమలతో.

తరవాత ఇరవై నాలుగు.
అయిదేళ్ల పాటు అదే, పేజీల నిండా అదే.
ఆ రోజుల్లో బంతి ఆమె రాకెట్ మీద మోగితే
కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి,
బంతి ఎక్కడ పడుతుందో కాదు,
అవతలి పిల్ల ఎక్కడ పడుతుందో.

ఇరవై మూడు.
ఇరవై రెండున్నర.
"నొప్పా?"
"కాదు, గాలిలో తేమ."
పుస్తకంలో అంకె పక్కన తేమ అని రాసుకున్నాను.
ఇరవై ఒకటి, తేమ.
ఎండకి నాలుక పిడచకట్టే ఊళ్లనుంచి ఫోను చేసి
పందొమ్మిది అంది. తేమ.

ఆ పందొమ్మిది ఏడాదినే రేడియో ఆయన
పతనం అంటున్నాడు.
కొట్టడానికి చెయ్యి లేక
నెట్ అవతల బంతిని పిల్లి పిల్లని దించినట్టు దించి,
తనకంటే పదేళ్లు చిన్నవాళ్లని ముందుకీ వెనక్కీ పరిగెత్తించి
ఫైనల్ దాకా వెళ్లింది.
ఓడిపోయింది. ఒప్పుకుంటాను.
కానీ నన్నడిగితే కప్పులన్నీ ఒక పక్క, ఆ ఓటమి ఒక పక్క.

నన్నెవరూ అడగలేదు. అడిగితే ఇది కూడా చెప్పాలి మరి:
ఒక సెమీఫైనల్లో, మూడో సెట్లో, రెండు వేళ్ల బయట పడ్డ తన బంతి గుర్తుని
అంపైరు కుర్చీ దిగేలోపు
బూటుతో చెరిపేసింది.
కెమెరాకి వీపు అడ్డం. నాకు అడ్డం లేదు.
అవతలి పిల్ల, జ్దెంకా, నడుం మీద చేతులు పెట్టుకుని
ఆ ఎర్ర నేల వంక చాలాసేపు చూసింది.
ఏ లెక్కలోనూ రాని చూపు అది.
నా పుస్తకంలో ఆ తేదీ దగ్గర ఒక గీత ఉంది, అంతే.

రేడియో కంటే ముందే, తెల్లారగట్ల ఆమె వచ్చింది.
కుడి చెయ్యి కోటు జేబులో.
ఎడం చేత్తో మతే బుర్ర అందుకుని
చేదు టీ చివరి చుక్కదాకా పీల్చి,
"ఒకటి నేనే బిగిస్తా" అంది.

ఎడమ చెయ్యి మాట వినలేదు.
మూడో అడ్డతీగ కిందనుంచి పోవాల్సింది పైనుంచి పోయింది.
ఇద్దరం చూశాం.
విప్పుతానని ఆమె అనలేదు, విప్పమని నేనూ అనలేదు.
బయట కోర్టు మీద ఎవరో కుర్రాడు
చాప లాగుతూ నిన్నటి అడుగులు చెరిపేస్తున్నాడు.
ఆ చప్పుడికి ఆమె ఒకసారి తలెత్తి, వెంటనే దించేసుకుంది.

పుస్తకం తెరిచాను.
"ఎంతని రాయను?"
తీగల మీద అరచెయ్యి ఆనించి
జ్వరం చూసినట్టు చూసింది.
"తేమ అని రాయి."

రాస్తుంటే పెన్సిలు ములుకు విరిగింది.
చెక్కుకోవాలి.