చిరిగిన చోటు నుంచి

అమెరికా మా దగ్గరికి బఠాణీల పొట్లంలా వచ్చింది.
విజయనగరం స్టేషను బయట
పావలా బఠాణీలు తిని కాగితం పారేయబోతే
గఫూరు మేస్త్రి నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఆగరా గుంటడా, అదేటో సూడనీ."

నూనె మరకలోంచి దూకుతున్న కారు.
టాపు అణిగి, కళ్లు చికిలించి
పొట్ట నేలకి ఆనించి పాకే ఉడుము.
మూతి నిండా వెండి పళ్లు.
ముందు చక్రం మీంచి డోరు దాకా మంటలు.
డోరు హ్యాండిల్ దగ్గర కాగితం చిరిగిపోయింది.
వెనక సగం ఎవరి పొట్లమైందో,
ఎవరి వేరుశనగ గింజలతో ఎటు పోయిందో.

డెబ్బై నాలుగు ఎండాకాలం.
గజపతినగరం రైసుమిల్లు గొడౌన్లో
ఊక బస్తాల వెనక యాభై ఒకటి షెవర్లే.
వెనక సీట్లో కోడి పొదుగుతోంది.
"నడిస్తే చాలు" అన్నాడు ఓనరు పొట్నూరు జోగారావు.
నడవడం గురించి మేస్త్రి ఒక్క మాటా అనలేదు.
జేబులోంచి పొట్లం కాగితం తీశాడు.

షెడ్డులో ఇంగ్లీషు వచ్చినవాడు లేడు,
అందుకని బొమ్మనే చదివాం.
జానెడు కోసి టాపు కిందికి దించాం.
అద్దం పట్టలేదు.
దేవుడి పటాలు కట్టే లెంక అప్పన్న కోసిచ్చాడు.
అతుకులు పూడ్చడానికి సీసం కావాలి.
కోనాడ దాకా సైకిలు తొక్కి
చినిగిన వలల గుళ్లు కిలోల లెక్కన తెచ్చాం.
సీసం కరిగిన రోజు
షెడ్డంతా ఎండుచేపల వాసన, పక్కింటి పిల్లి మా కాళ్ల చుట్టూ.
పళ్లు బుడితి ఇత్తడివి.
చింతపండు పెట్టి తోమితే తప్ప నవ్వవు.

మంటలు నా వంతు. పన్నెండేళ్లు నాకు.
ఒక వైపు బొమ్మ చూసి వేశాను.
రెండో వైపు బొమ్మలో లేదు.
రాత్రి ఇటుకబట్టీ దగ్గర కూర్చుని
మంట ఎటు వాలుతుందో చూసొచ్చి వేశాను.
తెల్లారి చూస్తే
ఆ వైపు నుంచి కారు వెనక్కి పరిగెడుతోంది.
మేస్త్రి చూశాడు.
చెరపమనలేదు.

డోరు హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి
అమెరికా అయిపోయింది.
మూడు రోజులు సుత్తి ముట్టలేదు మేస్త్రి.
బీడీ ముట్టించి కారు వెనక పీట వేసుకుని
పొడుపుకథ ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు.
నాలుగో నాడు
కోనాడ ఇసకలో చూసిన వంజరం తోకని
రేకు మీద సుద్దతో గీశాడు.
దాని కింద మూడు ఎర్ర దీపాలు.
రెండు చాలవా మేస్త్రీ?
"మనూల్లో లాంతర్లెన్ని రా?
మూడు."

బొబ్బిలి రోడ్డు మీద ప్రతి గతుకూ దాని పొట్ట గోకింది.
జోగారావు రెండుసార్లు ఎక్కాడు.
రెండుసార్లూ తలపాగా టాపుకి తగిలి ఒళ్లో పడింది.
కూలి బాకీ కింద కారే వదిలేశాడు.

మొన్న విశాఖ నుంచి ఒక కుర్రాడొచ్చాడు, కౌండిన్య అట,
పాతకార్లంటే పిచ్చి.
చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, వాసన కూడా చూశాడు.
తర్వాత ఫోన్లో వేలు ఆడించి
ఆ బొమ్మ మొత్తం చూపించాడు.
నలభై తొమ్మిది మెర్క్యురీ. తల నుంచి తోక దాకా.
యాభై ఏళ్లు!
నాకు గుండె గొంతులోకొచ్చింది.
"వెనక తప్పయింది తాతా.
ఇక్కడంతా సాఫీగా జారిపోవాలి, లైట్లు రెండే.
మార్పించేద్దాం, ఖర్చు నాది."

మేస్త్రి కళ్లజోడు పెట్టుకున్నాడు.
ఫోను తీసుకుని
బొటనవేలితో ముందు సగం మూసేశాడు,
సరిగ్గా డోరు హ్యాండిల్ దాకా.
మిగిలిన సగాన్ని చాలాసేపు చూశాడు,
పక్క షెడ్డువాడి పని చూసినట్టు.

"బాగుంది" అన్నాడు.
"పాపం, ఆడూ ఊహించే సేసుంటాడు."

ఫోను తిరిగిచ్చేసి
నన్ను చింతపండు తెమ్మన్నాడు.