ఆరంకెలు

సోమవారం తొమ్మిదింటికి
గ్రిమ్స్‌బీలో వాన అడ్డంగా కురుస్తుంది.
చర్చి వెనక మా గది తలుపును
సముద్రపు గాలి నాకంటే ముందే తోసుకొస్తుంది.

రెండు కంప్యూటర్లు.
ఒకటి బ్యాంకు వాళ్ళు వద్దనుకుని ఇచ్చింది,
ఇప్పటికీ వాళ్ళ పేరు చెప్పుకుంటూనే నిద్రలేస్తుంది.
రెండోదానికి వెన్నులో బలం లేదు,
బీన్స్ డబ్బా ఆసరా తీస్తే తెర వెనక్కి వాలిపోతుంది.
ప్రింటర్ సంగతి ఎత్తకండి.
నల్లటి అక్షరాలు నాలుగు అడిగితే
గులాబీ రంగు లేదని అలకపాన్పు ఎక్కుతుంది.

పదకొండుకల్లా అరవై మూడు భోజనాలు
రెండు వ్యాన్లలో బయల్దేరాలి.
ఎవరికి ఏది, ఏ వీధి, ముందు తలుపా పెరటి తలుపా
అంతా ఒక్క జాబితాలో ఉంది.
దాని పేరు 'కొత్తది - అసలైనది - ఇదే వాడండి'.
దానికో తాళం.
ఆ తాళం తీసే ఆరంకెలు
గ్లెనిస్ ఫోన్‌కి వెళ్తాయి.

గ్లెనిస్ పోయి పద్నాలుగు నెలలు.

ఫోన్‌ని మాత్రం
ఆవిడ భర్త క్లిఫర్డ్ రోజూ రాత్రి ఛార్జింగ్‌కి పెడతాడు.
నన్ను 'లవ్' అని పిలుస్తాడు, ఈ ఊళ్ళో అందరూ అందరినీ అంతే.
నా చెవిలో అది 'అమ్మా' అనే పడుతుంది.
"వచ్చిందమ్మా. ఆగు, కళ్ళద్దాలు."
కళ్ళద్దాలు దొరికేసరికి ఇక్కడ గడువు దాటిపోతుంది.
మళ్ళీ పంపిస్తాను.
"నాలుగు. సున్నా. సున్నా... లేదు లేదు, ఒకటే సున్నా."
చేపల వేలంలో ముప్పై ఏళ్ళు పెట్టెలు లెక్కపెట్టిన గొంతు.
అంకెకీ అంకెకీ నడుమ
ఒక పెట్టె దించినంత ఎడం.

జాబితా తెరుచుకుంటుంది.
చివరి గడి నిండా గ్లెనిస్ మాటలే.
'గట్టిగా కొట్టండి, రేడియో మోగుతుంటుంది.'
'పిల్లి జారిపోతుంది, కాలు అడ్డం పెట్టండి.'
'గ్రేవీ వద్దంటాడు. వేయండి. తింటాడు.'
పదకొండు వరసలకి పసుపు రంగు పూసి ఉంది.
ఎందుకో ఎవరికీ తెలీదు.
చక్కెర జబ్బా అంటే కాదు,
మెట్లా అంటే కాదు,
బాకీలా అంటే, అసలు మేం డబ్బు తీసుకోం.

ఒక సోమవారం ఆరంకెలూ అయ్యాక
ఉండబట్టలేక క్లిఫర్డ్‌నే అడిగాను.
"పసుపా? వాళ్ళింట్లో రెండు నిమిషాలు కూర్చోవాలి.
ఆ రోజుకి ఇంకెవరూ రారు."

ఫిబ్రవరిలో ఏదో నిధి పుణ్యమా అని
హల్ నుంచి ఇద్రీస్ అనే కుర్రాడు వచ్చాడు.
మంచివాడు. బీన్స్ డబ్బాని చూసి నవ్వలేదు.
తాళం కథ విని మాత్రం కుర్చీ వెనక్కి జరిపాడు.
"చనిపోయిన మనిషి నంబరుకా!
మార్చడం రెండు నిమిషాల పని."
రిపోర్టులో అన్నిటికంటే పైన, ఎర్రగా, రాసి వెళ్ళాడు.
ప్రింటర్ తన వల్ల కాలేదని క్షమాపణ చెప్పాడు.

అతను చెప్పిందాంట్లో తప్పు లేదు.
ఏదో ఒక రోజు ఆ ఫోన్ సింకులో పడుతుంది,
లేదా కంపెనీవాళ్ళు ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు.
అరవై మూడు మంది ఆకలితో నేను ఆడుకోకూడదు.
అందుకే నా నంబరు చేర్చాను.
రెండోదిగా.
మొదటిది తీసేశానో లేదో
ఇద్రీస్ అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ సోమవారం కూడా వాన.
ఏ నంబరుకి పంపమంటారని తెర అడుగుతోంది.
చివర పదిహేడు ఉన్నదానికా,
అరవై రెండు ఉన్నదానికా.
నా ఫోన్ నా చేతిలోనే ఉంది, వెచ్చగా.

"వచ్చిందమ్మా. ఆగు, కళ్ళద్దాలు."

ఆగాను.
ఈలోగా ప్రింటర్
గులాబీ రంగు అడిగింది.