చుక్క తర్వాత అంకె

ఈ గ్రహం ఏ పటంలోనూ లేదు.
ఇక్కడొక వాతావరణ కేంద్రం ఉన్నట్టు మాత్రం
ఎక్కడో ఓ కాగితం ఒప్పుకుంది.
కాబట్టి రోజూ ఒక నివేదిక వెళ్లాలి.
చలి, గాలి, ఒత్తిడి.
అబద్ధానికి కాపలాగా ఒక నిజం కావాలి కదా,
అది రాసే పని నాది.

నాకంటే ముందు బైతుర్ రాసేవాడు.
అతని వేళ్లు మూడు మంచు తీసుకుంది.
మిగిలినవాటిలో పెన్సిలు నిలవక
నా దస్తూరీ చూసి
"గుండ్రంగా ఉంది, నువ్వు బతుకుతావు" అన్నాడు.

మేముండేది మంచు కింద, నలభై మెట్ల లోతున.
గోడలు ఏడుస్తాయనకండి, ఇక్కడ ఏదీ కారదు.
ఊపిరి కూడా గడ్డం మీద గడ్డకడితే
పొద్దున్నే చేత్తో విరుచుకోవాలి.
సూపులో తేలే నాచుకి ఓస్కిన్ రోజుకో పేరు పెడతాడు:
నిన్న సోయికూర, ఇవాళ ఉల్లికాడ.
కాపలావాళ్లలో ఒకడికి రాత్రంతా దగ్గు.
వాడి మీద మాకు జాలి వేస్తుంది,
అది మాకు నచ్చదు.

మనిషి పోతే ఇక్కడ లెక్క ఉండదు.
లేనివాడు ఎలా పోతాడు?
పడమటి సొరంగంలోకి స్లెడ్జి ఒకటి వెళ్తుంది,
ఖాళీగా తిరిగొస్తుంది.

యెల్డానా పోయిన రాత్రి
థర్మామీటరు మైనస్ తొంభై మూడు దగ్గర ఆగింది, సరిగ్గా.
చుక్క పెట్టాను.
చుక్క తర్వాత ఒకటి వేశాను.
చెయ్యి వణికింది.
చలికే అనుకున్నారు చూసినవాళ్లు.

ఆకాశం చూడనివాడికి
చుక్కంటే ఇదొక్కటే.

ఆ తర్వాత అలవాటైంది.
ఎవరూ పోని రోజు సున్నా.
ఆ సున్నా రాయడం కోసం తెల్లారేదాకా మేలుకునేవాణ్ని,
పక్క బల్లల మీది ఊపిరులు లెక్కపెట్టుకుంటూ.
బాయిలరు ఆగిన వారంలో ఏడు, ఏడు, నాలుగు.
ఒకరోజు పదకొండు.
ఒక్క అంకెలో పదకొండుమంది పట్టరు.
తొమ్మిది వేసి
మిగతా ఇద్దర్నీ మర్నాటికి అప్పు పెట్టుకున్నాను.
నా పుస్తకంలో ఆ ఇద్దరూ
ఒకరోజు ఎక్కువ బతికారు.

పన్నెండేళ్లకి జవాబొచ్చింది.
సామాను ఓడలో, పిండి బస్తాల మధ్య, ఒక కవరు.
ఎవరో చదివారు!
ఆ మాట సొరంగమంతా పాకింది.
బైతుర్ గడ్డం గీసుకుని వచ్చి కూర్చున్నాడు.

"మీ దశాంశాలు గాలివాటుగా ఉన్నాయి.
ఋతువుతో పొంతన లేదు. పరికరం చెడిపోయినట్టుంది.
కొత్తది పంపుతున్నాం. సహకరించగలరు.
ఇ. మొర్హావ్, గణాంక విభాగం."

ఓస్కిన్ నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.
నేను ఆ సంతకాన్నే చూస్తూ ఉండిపోయాను.
నాలుగువేల పైచిలుకు అంకెలు.
పొంతన లేదని తెలియాలంటే
ముందు వాటిని పక్కపక్కన పేర్చి చూసుండాలి.
ఏ వెచ్చని గదిలోనో ఎవరి వేలో
మా యెల్డానా మీద ఒక్క క్షణం ఆగే ఉండాలి.

కొత్త పరికరం మంచిది. గురి తప్పదు.
పూర్ణాంకాలే చూపిస్తుంది.
దాంతోపాటే వచ్చిన ఫారాల్లో
చుక్కకి చోటు లేదు.

ఇవాళ బాయిలరు దగ్గర
ఒకతను కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు.
పేరు హెష్దార్. వంతెనలు కట్టేవాడట.

చలి: మైనస్ ఎనభై ఎనిమిది.
తర్వాతి గడి, గాలి.
ఇక్కడ గాలి ఎప్పుడూ ఉత్తరం నుంచే.
పెన్సిలు మొన నాలిక మీద తడిచేసుకుని రాశాను:
ఆగ్నేయం.